ఎదిగాడా, ఎదగనిచ్చారా?

(న్యూజెర్సీలో తెలుగు కుటుంబాల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం. వెనకాల నించున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కాఫీ అయిపోయిందట. కాబట్టి ఇక నా మాటలు వినడం తప్ప మీకు వేరే గతి లేదు. (నవ్వులు)

"శనివారాలు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతారు కదా, ఆట గురించి ఏదో ఒకటి చెప్పండి" అని నన్ను పిలిచారు. ఏదో ఒకటి అంటే నాకు మా ఇంట్లో తెగని తగాదానే గుర్తొచ్చింది. మా అక్కా బావా డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. బావ మావరిక్స్ జట్టుకి వీరాభిమాని. నేను ఇక్కడ ఎడిసన్‌లో, న్యూయార్క్ జట్టు నిక్స్ మనిషిని. 2022 జులై దాకా మా మధ్య ఏ పేచీ లేదు. ఆ నెలలో జేలెన్ బ్రన్సన్ డాలస్ వదిలి న్యూయార్క్ వచ్చాడు. ఆ రోజు నుంచి మా అక్క ఫోను స్పీకర్‌లో పెట్టడం మానేసింది.

బావ మాట ఇది: "ఒరేయ్ బావమరిదీ, విత్తు మేం వేశాం, నీళ్ళు మేం పోశాం, కాపుకొచ్చే వేళకి మీరొచ్చి కోసుకున్నారు." నా మాట ఇది: "మీరు నాలుగేళ్ళు తొట్టిలో ఉంచారు బావా, మేం నేలలో నాటాం. అంతే తేడా." అంటే అతను తనంతట తను ఎదిగాడా, లేక ముందునుంచే అంతవాడై ఉంటే ఎదగనిచ్చినవాళ్ళు ఇప్పుడు దొరికారా? డాలస్‌లో, న్యూయార్క్‌లో, అతను చదివిన విల్లనోవా విశ్వవిద్యాలయం వాళ్ళలో, అందరూ తన్నుకునేది దీని మీదే. ఇవాళ ఆ తగాదాని మీ ముందు పెడతాను. తీర్పు కూడా నేనే చెప్తాను, మైకు నా చేతిలో ఉంది కాబట్టి.

తెలియనివాళ్ళ కోసం ముందు మనిషి ఎవరో చెప్పాలి. బ్రన్సన్ పుట్టింది 1996 ఆగస్టులో, మన పక్కనే న్యూ బ్రన్‌స్విక్‌లో. మీలో సగం మంది పిల్లలు పుట్టిన ఊరే అది. తండ్రి రిక్ బ్రన్సన్ కూడా ఎన్‌బీఏలో, అంటే అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఆడినవాడే. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆయన్ని ఎవరూ తీసుకోలేదు. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి తిరుగుతూ, ఎక్కువ కాలం బెంచీ మీద కూర్చుని, ఎలాగో నిలబడ్డాడు. 1999లో నిక్స్ ఫైనల్స్‌కి వెళ్ళినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. బెంచీ చివర కూర్చున్నవాడికి ఆట బాగా కనపడుతుంది. కొడుక్కి చిన్నప్పటినుంచీ ఆయనే గురువు, ఇద్దరూ ఆడేది ఎడమ చేత్తోనే.

కుర్రాడు హైస్కూల్ ఇల్లినాయ్‌లో చదివి, 2015లో ఫిలడెల్ఫియా దగ్గర విల్లనోవాలో చేరాడు. అక్కడ మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో రెండుసార్లు, 2016లో, 2018లో, వాళ్ళ జట్టు దేశం మొత్తం మీద కాలేజీ ఛాంపియన్ అయింది. రెండోసారికి అతనే జట్టుకి పెద్దదిక్కు. ఆటకి దాదాపు 19 పాయింట్లు, వేసిన షాట్లలో సగానికి పైగా లోపలికే. ఆ ఏడు కాలేజీ ఆటగాళ్ళందరిలో ఉత్తముడికిచ్చే నెయిస్మిత్, వుడెన్ అవార్డులు రెండూ అతనివే. డిగ్రీ కూడా మూడేళ్ళలోనే ముగించాడు. (సభలో: "మా వాడికి చెప్పండి!") చెప్తాను, అడ్రస్ ఇచ్చి వెళ్ళండి. (నవ్వులు)

సరే, ఇంత పేరు తెచ్చుకున్న కుర్రాడు 2018 జూన్‌లో డ్రాఫ్ట్‌కి వెళ్ళాడు. డ్రాఫ్ట్ అంటే స్వయంవరం లాంటిదే, కాకపోతే ఇక్కడ దండలు పట్టుకుని నడిచేవాళ్ళు జట్ల యజమానులు. విల్లనోవా నుంచి ఆ రాత్రి నలుగురు వెళ్ళారు. మికల్ బ్రిడ్జెస్‌ని 10వ పిలుపులో తీసుకున్నారు. డాంటే డివిన్‌చెంజో 17. ఒమారీ స్పెల్‌మన్ 30. అప్పటికి మొదటి రౌండ్ అయిపోయింది. దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నవాడు, సొంత కాలేజీ స్నేహితుల్లో నాలుగోవాడిగా, 33వ పిలుపులో డాలస్‌కి వెళ్ళాడు. నాలుగేళ్ళకీ కలిపి జీతం సుమారు 6 మిలియన్ డాలర్లు. ఆ రాత్రే అదే డాలస్‌కి ఇంకో కుర్రాడు వచ్చాడు, మూడో పిలుపు వాడు. పేరు లూకా డాంచిచ్. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎందుకలా జరిగింది? ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. మన పెళ్ళి సంబంధాల లెక్కలో ఆజానుబాహువే, ఎన్‌బీఏ లెక్కలో పొట్టివాడు. గాల్లోకి ఎగిరి దంచే రకం కాదు, మెరుపు వేగం లేదు. దానికి తోడు వయసు 21 దాటింది. అక్కడ 19 ఏళ్ళవాణ్ణి చూస్తే "ఇంకా ఎంత ఎదుగుతాడో" అంటారు, 22కి దగ్గరపడ్డవాణ్ణి చూస్తే "ఇంక ఎదిగేదేముంది" అంటారు. వాళ్ళ పరిభాషలో దాన్ని 'సీలింగ్' అంటారు, ఇంటి పైకప్పు. బ్రన్సన్‌కి నేల గట్టిది, కప్పు తక్కువ అని తేల్చారు. మంచి బ్యాకప్ పాయింట్ గార్డ్, అంటే బంతి నడిపించే ఆటగాడికి బదులు కాసేపు దిగేవాడు, అవుతాడు, ఆటకి ఇరవై నిమిషాలు ఇల్లు చక్కబెడతాడు, అంతే.

నిజం చెప్పాలంటే మొదటి మూడేళ్ళు వాళ్ళ లెక్కే సరిపోయినట్టు కనిపించింది. మొదటి ఏడు ఆటకి 9.3 పాయింట్లు. రెండో ఏడు 8.2, ఆ ఏడు భుజం గాయమై శస్త్రచికిత్స. మూడో ఏడు 12.6. 2021 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీల్లో, క్లిప్పర్స్ జట్టువాళ్ళు పొడుగాటి ఆటగాళ్ళని అతని మీదకి ఉసిగొల్పితే, కోచ్ రిక్ కార్లైల్ అతన్ని కూర్చోబెట్టేశాడు. సీజన్లో పాతిక నిమిషాలు ఆడినవాడికి ఆ సిరీస్‌లో పదహారు నిమిషాలే. అప్పుడు మా బావ నాతో అన్నమాట ఇప్పటికీ నా దగ్గర ఉంది, వాట్సాప్‌లో, స్టార్ గుర్తు పెట్టి దాచుకున్నాను. "ఈ బుడ్డోణ్ణి ఇచ్చేసి ఎవరినైనా పెద్దోణ్ణి తెచ్చుకోవాలి." విత్తు, నీళ్ళు అన్న పెద్దమనిషే!

2021-22లో కొత్త కోచ్ జేసన్ కిడ్ వచ్చి బ్రన్సన్‌ని ఆట మొదటినుంచీ దింపాడు. 16.3 పాయింట్లు. ఆ ఏడు ప్లేఆఫ్స్‌కి ముందు డాంచిచ్ పిక్క కండరం పట్టేసి, యూటా జట్టు మీద మొదటి మూడు ఆటలకి దూరమయ్యాడు. ఆ మూడింట్లో బ్రన్సన్ వరసగా 24, 41, 31. మూడింట్లో రెండు గెలిపించాడు. డాలస్ ఆ ఏడు కాన్ఫరెన్స్ ఫైనల్స్ దాకా, అంటే మన లెక్కలో సెమీఫైనల్ దాకా, వెళ్ళింది.

ఇక్కడ నాకు ఒక హైదరాబాదీ గుర్తొస్తాడు, క్షమించండి, ఆట మారుస్తున్నాను. వీవీఎస్ లక్ష్మణ్. ఆయన్ని ఓపెనర్‌గా పంపారు, తీశారు, మళ్ళీ పంపారు. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 కొట్టాడు. ఫాలో ఆన్‌లో మూడో స్థానంలో పంపారు, 281. ఒకే టెస్టు, ఒకే మనిషి. ఆ రెండు ఇన్నింగ్స్ మధ్య లక్ష్మణ్ ఎదిగాడా? అప్పుడు మన ఊళ్ళలో టీ కొట్టు దగ్గర ఈ తగాదాయే పడ్డాం. యూటా సిరీస్ అప్పుడు నాకు అదే అనిపించింది, ఎదగనిచ్చారు అన్న నా వాదన అక్కడే పుట్టింది. డాంచిచ్ మర్రిచెట్టు, ఆ నీడలో ఏ మొక్కా లేవదు, చెట్టు మూడు రోజులు పక్కకి జరిగింది, మొక్కకి ఎండ తగిలింది.

వినడానికి బావుంది కదా? లెక్క వేస్తే నిలబడదు. అదే మీకు చెప్పాలని వచ్చాను.

ఆటకి ఎన్ని పాయింట్లు అని చూస్తే అది ఎక్కువ నిమిషాలు ఆడినవాడి పక్షం. అందుకని అందరూ ఒకే 36 నిమిషాలు ఆడినట్టు లెక్క కట్టి చూడాలి. నేను కట్టాను. మొదటి ఏడు బ్రన్సన్‌కి 36 నిమిషాలకి 15 పాయింట్ల పైచిలుకు. డాలస్‌లో చివరి ఏడు 18 పైచిలుకు. నాలుగేళ్ళలో పెరిగింది మూడే. న్యూయార్క్‌లో మొదటి ఏడు, 2022-23లో, దాదాపు 25. 2023-24లో 29. ఆ ఏడు ఆటకి సగటు 28.7. నిమిషాలు పెంచితే చాలుననే వాదన ఇక్కడే పడిపోతుంది, ఎందుకంటే నిమిషానికి ఉత్పత్తే దాదాపు రెట్టింపైంది.

అయితే బావది కూడా ఓటమే. డాలస్‌లో పెరిగింది మూడే కదా. ఇక నా వాదనకి ఇంకో దెబ్బ చూడండి. బంతి ఎక్కువసార్లు చేతికొస్తే పాయింట్లు పెరుగుతాయి, నిజమే. కానీ షాట్లు పెరిగిన కొద్దీ గురి తగ్గాలి, ప్రకృతి ధర్మం అది. ఎందుకంటే తేలిక షాట్లు ముందే అయిపోతాయి, మిగిలినవన్నీ ఇద్దరు మీద పడుతుంటే వేసేవి. బ్రన్సన్ మొదటి ఏడు ఆటకి ఏడెనిమిది షాట్లు వేసేవాడు, నూటికి 46.7 పడేవి. 2023-24లో 21 షాట్లు వేశాడు, నూటికి 47.9. షాట్లు దాదాపు మూడింతలు, ఎదుటి జట్టులో మొత్తం అతని మీదే కళ్ళు, గురి మాత్రం తగ్గకపోగా కాస్త పెరిగింది. అవకాశం ఇచ్చినంత మాత్రాన ఇది రాదు. అవకాశం ఇచ్చాక చతికిలబడ్డవాళ్ళు ఈ లీగ్‌లో కొల్లలు.

మరి ఏం మారింది? కొంచెం జాగా ఇవ్వండి, ఈ బల్ల పక్కకి జరపండి. బాబూ, నువ్వు రా, నా ఎదురుగా నుంచో. నువ్వు డిఫెండర్‌వి.

చూడండి. మామూలు ఆటగాడు బంతి కొట్టుకుంటూ వచ్చి ఇలా ఒక్కో అడుగు వేస్తూ ఆగుతాడు. ఎడమ, కుడి. ముందు పడిన కాలే ఇరుసు. అది ఇక కదలకూడదు, కదిలితే ట్రావెలింగ్ అనే తప్పు, బంతి ఎదుటి జట్టుకి పోతుంది. అంటే డిఫెండర్‌కి తెలిసిపోయింది, ఇతను ఏ కాలు మీద తిరుగుతాడో. ఇప్పుడు చూడండి, నేను చిన్నగా ఎగిరి రెండు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనిస్తున్నాను. దీన్ని జంప్ స్టాప్ అంటారు. ఇప్పుడు ఏ కాలైనా ఇరుసు చేసుకోవచ్చు, నా ఇష్టం. బాబూ, నేను ఎటు తిరుగుతాను? (విరామం) చూశారా, తెలియదు వాడికి. నేను బంతి పైకెత్తాననుకోండి, వాడు ఎగురుతాడు. ఎగిరావు! (నవ్వులు) ఎగిరిన కుర్రాడు కిందకి రావడానికి ఎంత టైం పడుతుందో అంత సేపూ ఈ చోటు నాది. ఎత్తు ఆరున్నర అడుగులున్నా సరే, గాల్లో ఉన్నవాడు ఏమీ చేయలేడు. కూర్చో నాన్నా, చాలా బాగా మోసపోయావు.

విల్లనోవాలో జే రైట్ అనే కోచ్ దగ్గర ఇది నిత్యపారాయణం. గార్డులకి కూడా, అంటే పొట్టివాళ్ళకి కూడా, బుట్టకి వీపు పెట్టి ఆడడం, రెండు కాళ్ళ మీద ఆగడం, ఇరుసు తిరగడం నేర్పేవారు. బ్రన్సన్ కాలేజీ ఆట పాత వీడియో ఒకటి, నిక్స్ ఆట ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. చొక్కా రంగు మారుతుంది, పాదాలు మారవు. ఈ విషయంలో విల్లనోవా వాళ్ళు "మా కుర్రాడు ఎప్పుడూ ఇంతే, మీకే కళ్ళు లేవు" అంటారే, అది ఒప్పుకుని తీరాలి.

కానీ పాదాలు మారలేదంటే మనిషి మారలేదని కాదు, ఇక్కడే అభిమానులు అడ్డదారి పడతారు. మారినవి రెండు. ఒకటి, మూడు పాయింట్ల గీత అవతల నుంచి వేసే షాట్లు. డాలస్‌లో చివరి ఏడు ఆటకి మూడు పైచిలుకు, చాలావరకు డాంచిచ్ పాస్ ఇస్తే పట్టుకుని వేసినవి. 2023-24కి దాదాపు ఏడు, అందులో చాలా భాగం తనే బంతి కొట్టుకుంటూ వచ్చి టక్కున ఆగి వేసినవి, నూటికి 40 పడ్డాయి. 2023 డిసెంబర్‌లో ఫీనిక్స్ మీద తొమ్మిది వేస్తే తొమ్మిదీ పడ్డాయి, ఆ రోజు మొత్తం 50 పాయింట్లు. ఇప్పుడు ఆలోచించండి. దూరం నుంచి వేస్తాడన్న భయంతో డిఫెండర్ దగ్గరగా వస్తాడు. దగ్గరగా వచ్చినవాణ్ణి దాటడం తేలిక. దాటి లోపలికి వెళ్ళాక ఆ పాత పాదాలు పనికొస్తాయి. కాలేజీలో నేర్చిన విద్యకి తలుపు తీసిన తాళంచెవి ఈ దూరపు షాట్.

రెండోది ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాడు ఫౌల్ చేస్తే ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్లు. డాలస్‌లో ఆటకి మూడుకి మించలేదు, న్యూయార్క్‌లో ఆరు దాటాయి. ఇందులో సగం నైపుణ్యం, సగం నటన అని మా బావ అంటాడు. నేను కాదనను. అతను తల వెనక్కి విరిచే తీరు చూస్తే మన పాత నాటకాల్లో బాణం తగిలిన సైనికుడే గుర్తొస్తాడు. (నవ్వులు)

ఇక మర్రిచెట్టు మాట. నేను ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళు డాంచిచ్ పక్కన ఆడినందువల్లే బ్రన్సన్‌కి బంతి లేకుండా బతకడం వచ్చింది. మూల నుంచొని ఎదురుచూడడం, వచ్చిన ఒక్క పాస్‌నీ పాడుచేయకపోవడం. కాలేజీలో రాజుగా ఉండి నేరుగా న్యూయార్క్‌లో రాజై ఉంటే ఆ ఓపిక ఎక్కడ నేర్చుకునేవాడు? కాబట్టి బావ పోసిన నీళ్ళు ఉత్తినే పోలేదు. ఇది ఆయనకి ఫోన్లో చెప్పను, ఇక్కడ రికార్డింగ్‌లో ఉంది కాబట్టి తెలుస్తుందేమో.

డాలస్ అతన్ని ఎందుకు వదులుకుంది అంటే, పెరటి చెట్టు మందుకు పనికిరాదు, అంతకంటే నాకు మాట దొరకదు. వాళ్ళు నిబంధనల ప్రకారం ఇవ్వగలిగిన ఒప్పందపు పొడిగింపు నాలుగేళ్ళకి సుమారు 55.5 మిలియన్లు. అది సంతకం దాకా రాలేదు. 2022 వేసవిలో నిక్స్ నాలుగేళ్ళకి 104 మిలియన్లు ఇచ్చారు. "ఇతనికా ఇంత?" అని టీవీలో నవ్వినవాళ్ళున్నారు. డాలస్‌కి బదులుగా చిల్లిగవ్వ రాలేదు. బావ పళ్ళు కొరికేది ఇంకో విషయానికి: అదే వేసవిలో నిక్స్ అతని తండ్రిని సహాయ కోచ్‌గా పెట్టుకున్నారు, ఆ జట్టు అధ్యక్షుడు లియోన్ రోజ్ ఒకప్పుడు ఆ తండ్రికి ఏజెంట్. గడువుకి ముందే మాటలు నడిపారని లీగ్ విచారణ చేసి నిక్స్ నుంచి డ్రాఫ్ట్‌లో ఒక రెండో రౌండ్ పిలుపు లాగేసుకుంది. పెళ్ళిచూపులకి ముందే తాంబూలాలు పుచ్చుకున్నట్టు. మా జట్టు తప్పే, ఒప్పుకుంటాను. ఆ ధరకి ఇంకో పది తప్పులు చేయమన్నా చేస్తాను.

పొగడ్త ఎక్కువైంది, కాస్త ఉప్పు వేస్తాను. ఎదగనిదీ ఉంది. ఎత్తు ఎదగలేదు, అది అతని తప్పు కాదు. కానీ ఎదుటి జట్టు ప్రతిసారీ అతన్నే వెతికి అతని మీదకే ఆటని తోస్తుంది. 2024లోనూ 2025లోనూ ఇండియానా చేతిలో నిక్స్ ప్లేఆఫ్స్ నుంచి బయటకొచ్చింది. ఆ ఇండియానా కోచ్ ఎవరో తెలుసా? 2021లో బ్రన్సన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టిన కార్లైలే. అతనికి ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. 2024లో ఏడో ఆటలో బ్రన్సన్ చెయ్యి విరిగింది, అది వేరే సంగతి. 2025లో 25 ఏళ్ళ తర్వాత నిక్స్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ చేరింది, నేను ఇంట్లో కొబ్బరికాయ కొట్టాను, ఆరు ఆటల్లో పోయింది. ఇంత పొట్టివాడు నాయకుడిగా ఉన్న జట్టు కప్పు కొట్టగలదా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది. అడగదగ్గ ప్రశ్నే. అడిగినవాళ్ళ మీద విరుచుకుపడే నిక్స్ అభిమానులంటే నాకు విసుగు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. 2024 జులైలో బ్రన్సన్ నాలుగేళ్ళకి 156.5 మిలియన్లకి సంతకం పెట్టాడు. ఒక్క ఏడాది ఆగి ఉంటే ఐదేళ్ళకి 269 మిలియన్లు వచ్చేవి. 113 మిలియన్లు పక్కన పెట్టి, ఆ మిగులుతో జట్టుకి మనుషుల్ని తెచ్చుకునే వీలిచ్చాడు. అదే వేసవిలో నిక్స్‌కి వచ్చినవాళ్ళలో ఒకడు మికల్ బ్రిడ్జెస్, ఆ 10వ పిలుపు వాడు. ఇప్పుడు వాళ్ళ జట్టుకి కెప్టెన్ ఎవరంటే 33వ పిలుపు వాడు.

ప్రశ్నలేమైనా... చెప్పండమ్మా.

(సభలో ఒకరు: "మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. దేనితో మొదలుపెట్టమంటారు?")

బంతి లేకుండా మొదలుపెట్టండి. జంప్ స్టాప్. హాలు ఈ చివర నుంచి పరుగెత్తి, నేను చప్పట్లు కొట్టగానే ఆగాలి. నేను కళ్ళు మూసుకుని వింటాను. రెండు పాదాలకీ కలిపి ఒక్క చప్పుడే రావాలి. రెండు వినపడితే మళ్ళీ మొదటికి. మా పిల్లలు దీన్ని అసహ్యించుకుంటారు, మూడు వారాలకి అలవాటు పడతారు. పోయిన థాంక్స్‌గివింగ్‌కి మా బావ వచ్చినప్పుడు, మా గ్యారేజీ ముందు, "ఇదేం పెద్ద విద్యరా" అని ఆయన కూడా ఒకసారి ఎగిరాడు.

మూడు చప్పుళ్ళు వినిపించాయి. (నవ్వులు, చప్పట్లు)